బిడ్డను చూడగల పెద్దలు

ఫారంలో పదకొండో గడి. "పగటిపూట ఇంట్లో బిడ్డను చూడగల పెద్దలు ఉన్నారా?" చూడటమంటే కళ్ళతోనా, చేతులతోనా అన్నది ఆ గడి పెట్టినవాడికే తెలియాలి. ఇంట్లో అమ్మ ఉంది కదా అని వెల్డరు "ఉన్నారు" అని రాసి పడేశాడు. నిజం రాసి దెబ్బ తినడం అతనికి కొత్త కాదు. ఈసారి ఆ దెబ్బ మూడు నెలల పిల్ల మీద పడింది. శిశు కేంద్రంలో సీటు రాదన్నారు.

"చూడగల మనిషి ఇంట్లో ఉండగా సీటెలా ఇస్తామయ్యా?" అన్నాడు కౌంటరు గుమస్తా తలెత్తకుండానే.

"మా అమ్మకి చూపు ఆనదండీ. గోడ పట్టుకుని నడుస్తుంది."

"ఆ మాట డాక్టరు చేత రాయించుకురా."

కంటి ఆసుపత్రివాళ్ళు మూడు నెలల తర్వాత రమ్మన్నారు. భార్యకు కాన్పు సెలవు ఈ ఆదివారంతో సరి. ఆమె పని ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. సోమవారం రాకపోతే ఆ మిషను ముందు ఇంకొకరు నిలబడతారని సూపర్‌వైజరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ పని పోతే ఈ ఒక్క అద్దె గది కూడా ఉండదు.

చెప్పులరిగేలా తిరగ్గా తిరగ్గా పై ఆఫీసరు కనికరించాడు. కనికరమేం లేదు, ఇతని పీడ వదిలించుకోవాలని. శుక్రవారం ఇంటికొచ్చి చూసే మనిషిని పంపుతానన్నాడు. ఆవిడ ఏం రాస్తే అదే ఖాయం.

శుక్రవారం పొద్దున్నే వెల్డరు తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఆవిడొస్తే నువ్వు మంచం దిగకు. నాకు కనపడదు, పిల్లని చూడలేను అని చెప్పు. అంతే."

"కనపడదని ఎవడన్నాడ్రా? కాస్త మసక."

"మొన్న మంచమనుకుని పిల్లని గాల్లో పడుకోబెట్టావు. నీ కోడలు అందుకోబట్టి సరిపోయింది."

వారం రోజులుగా ఆ మాట ఎత్తకుండా ముగ్గురూ జాగ్రత్తగా తిరుగుతున్నారు.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ" అంది భార్య, పిల్ల గుడ్డలు మడతపెడుతూ.

"సరేలేరా. నువ్వు చెప్పమన్నట్టే చెబుతా" అంది తల్లి.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితం. మంచం, మూలనున్న స్టవ్వు, కిటికీ పక్కన ఉయ్యాల చూసింది. చూడ్డానికి అంతకంటే ఏమీ లేదు.

"నమస్తే మామ్మగారూ. పిల్లని మీరు చూడగలరా?"

పరాయి గొంతు చెవిన పడగానే ముసలామెకు ఎక్కడలేని ఓపిక వచ్చింది. కొంగు సవరించుకుని లేచింది.

"ఎందుకు చూడలేనమ్మా? నలుగుర్ని కని పెంచాను, ఈ పిట్టంత పిల్లని చూడలేనా? కూర్చో తల్లీ, టీ పెడతాను."

"అమ్మా" అన్నాడు వెల్డరు పళ్ళ బిగువున. ఆమె వినిపించుకోలేదు. ఆ గదిలో ఏది ఎక్కడుందో ఆమె కాళ్ళకు తెలుసు, వేళ్ళకు తెలుసు. చుక్క ఒలక్కుండా టీ పోసి, గొంతు వినిపించిన వైపు సూటిగా గ్లాసు చాచింది.

"మామ్మగారు మాకంటే హుషారుగా ఉన్నారే!"

"వాడి మాటలు పట్టించుకోకు తల్లీ. పొద్దస్తమానం ఇనుము కాలుస్తాడు కదా, ఆ సెగకి బుర్ర కూడా కాలింది."

ఇన్‌స్పెక్టరమ్మ పకపకా నవ్వి పెన్ను మూత తీసింది. కాగితం మీద 'చూడగలరు', 'చూడలేరు' అని రెండు మాటలు అచ్చువేసి ఉన్నాయి. ఒకటి కొట్టేయాలి. భార్య గోడకు చేరగిలబడి మొగుడి వంక చూసింది. ఏదో ఒకటి చెయ్యండి అన్నట్టుంది ఆ చూపు.

అతను చేశాడు. చప్పుడు కాకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, నిద్రపోతున్న పిల్లను తీసి భార్య భుజాన వేశాడు. మడతపెట్టిన దుప్పటిని పిల్ల గుడ్డలో చుట్టి ఉయ్యాలలో పెట్టాడు. ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను గాల్లోనే ఆగింది.

"అమ్మా, పిల్ల కదులుతోంది. కాస్త ఊపు."

ముసలామె సంబరంగా వచ్చి ఉయ్యాల పట్టుకుంది.

"లేచావా బంగారూ? నీకోసం ఆఫీసు నుంచి మేడమ్‌గారొచ్చారే! నాయనమ్మకి చేతకాదంట, మీ నాన్న అంటున్నాడు. నువ్వు చెప్పు." ఉయ్యాలలోకి వంగి, మళ్ళీ ఇటు తిరిగింది. "నన్ను చూసి ఎలా నవ్వుతోందో చూడమ్మా!"

ఇన్‌స్పెక్టరమ్మ సగం తాగిన గ్లాసు కింద పెట్టేసింది.

అప్పుడు పిల్ల ఏడ్చింది. గోడ దగ్గర నుంచి, వాళ్ళమ్మ భుజం మీద నుంచి.

ఉయ్యాల ఊపే చెయ్యి ఆగిపోయింది. రెండో చెయ్యి మెల్లగా లోపలికి పోయి దుప్పటిని తడిమింది. ఒక మడత, ఇంకో మడత, మళ్ళీ మొదటి మడత. ముసలామెకు తల కొట్టేసినట్టయింది. 

"రాసుకో అమ్మాయ్" అంది. "కళ్ళు లేవని రాసుకో. నా కొడుకు దగ్గరుండి చూపించాడుగా."

ఇన్‌స్పెక్టరమ్మ 'చూడగలరు' మీద అడ్డంగా గీత గీసి, అతని చేత సంతకం పెట్టించుకుంది. గుమ్మం దాటాక, "సోమవారం ఎనిమిదింటికి తీసుకురండి. టీకా కార్డు మర్చిపోకండి" అంది. ఆ మాటలు మెట్లకేసి చూస్తూ అంది.

అతను లోపలికొచ్చేసరికి తల్లి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిల్ల ఇంకా గుక్కపట్టి ఏడుస్తోంది. కోడలు పిల్లను తెచ్చి, "అత్తయ్యా, పాలు కలుపుకొస్తాను, కాస్త పట్టుకోండి" అని ఒళ్ళో పెట్టబోయింది.

ముసలామె రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకుంది.

"వద్దులేమ్మా. నేను చూడలేనుగా."

"అమ్మా" అన్నాడు వెల్డరు దగ్గరికి పోయి.

"ఎవరండీ?" అందామె గోడతో. "నాకు కనపడదు."