పదమూడో నెల

రామన్నపేట పొలిమేరలోని నూలు మిల్లులో పొద్దున ఆరింటికి కూత పడితే వెంకటనర్సు దారం వడికే రింగు ఫ్రేముల మధ్య నడక మొదలుపెట్టేవాడు. తెగిన పోగును వెతకడం, రెండు వేళ్లతో అతకడం, మళ్లీ నడవడం. మధ్యాహ్నం రెండు దాకా అదే పని. నేత నేసే సాలోళ్ల ఇంట్లో పుట్టాడు కాబట్టి పోగు అతకడం పుట్టుకతో వచ్చిందని తోటివాళ్లు అనేవారు. పుట్టుకతో ఏమీ రాలేదు, నాయిన చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నాడు. మగ్గం మీద చీరకు ధర పలకక మిల్లుకు వచ్చాడు. ఆరేళ్లు తిరిగితే గాని పర్మనెంట్ కాలేదు.

మిల్లు టైం ఆఫీసులో గులాం నబీ అనే పెద్దమనిషి కూర్చునేవాడు. హాజరు పట్టీలూ సెలవు కాగితాలూ ఆయన చేతిమీదుగానే నడిచేవి. తొంభై మూడులో యూనియన్ వాళ్లు ముప్పై కోరికలు రాసి ముందు పెడితే, జీతం పెంచమన్నదొక్కటి పక్కన పెట్టి, ఖర్చు లేదనుకున్నవన్నీ యజమానులు ఒప్పుకున్నారు. అందులో ఒకటి, బిడ్డ పుట్టిన తండ్రికి జీతంతో పది రోజుల సెలవు. అది ఎవరు రాశారో, ఎందుకు రాశారో యూనియన్ వాళ్లకే గుర్తు లేదు. "మొగోళ్లకు బాలింత సెలవంట" అని క్యాంటీన్లో పడి పడి నవ్వారు. ఆ నవ్వుకు జడిసి ఒక్కడూ ఆ సెలవు అడగలేదు.

వెంకటనర్సుకు నవ్వు రాలేదు. రెండేళ్ల కిందట అతనికి ఒక ఆడపిల్ల పుట్టింది. భార్య లక్ష్మీనర్సమ్మ కాన్పుకు తల్లిగారి ఊరు కొత్తకోట పోయింది. నాలుగు మూలలా పసుపు పూసిన కార్డు వచ్చింది. అప్పుడు సెలవు లేదు. ఉన్నా పోయేవాడు కాదేమో, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టే దాకా తండ్రి పోగూడదని పెద్దవాళ్లు చెప్పారు. చెప్పినట్టే విని, గౌను ఒకటి కొని పెట్టుకొని, రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పదకొండో రోజున పిల్ల పోయింది. కబురు అందేసరికి మట్టి కూడా అయిపోయింది.

పేరు లేదు, ముఖం తెలియదు. ఏ ముఖాన్ని తలుచుకొని ఏడవాలో తెలియక ఆ తండ్రి ఏడుపు గొంతులోనే ఉండిపోయింది. ఎట్లా ఉండేదని భార్యను అడగడానికి నోరు రాలేదు. ఆమె కూడా ఆ పదకొండు రోజుల మాట ఎన్నడూ ఎత్తలేదు. ఒకే కంచంలో తినే మనుషుల మధ్య ఆ పిల్ల ఒక్కతే మాటలు లేకుండా తిరిగేది.

రెండోసారి కూడా లక్ష్మీనర్సమ్మ కొత్తకోటకే పోయింది. తొమ్మిది నెలలు నిండాయి, పైన తొమ్మిది రోజులూ దాటాయి. నొప్పులు రాలేదు. పదో నెల పోయింది, పదకొండోది వచ్చింది. మంత్రసాని సుక్కమ్మ వచ్చి ఆమె కడుపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"మంచిగనే ఉన్నది. ఎదురుచూస్తాంది, అంతే" అని లేచి చెయ్యి కడుక్కున్నది.

ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి కూర్చొని, తమ ఎరుకలో అట్లా ఆగిన పిల్లల ముచ్చట్లు చెప్పిపోయారు. ఒకామె చిన్నమ్మ కొడుకు చెరువు నిండే దాకా పుట్టలేదట. అత్త ఈదమ్మ అల్లుడికి కార్డు రాయించింది: "బిడ్డ నీ కోసం ఆగింది, వచ్చి ఉండి పో."

వారపు సెలవు నాడు వెంకటనర్సు పోయాడు. మొదటి బస్సుకు హైదరాబాదు, అక్కడ కర్నూలు బస్సు, కొత్తకోటలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మళ్లీ మూడు గంటల బస్సు అందుకోవాలి. భార్య పక్కన కూర్చొని కడుపు మీద చెయ్యి పెట్టాడు. లోపలి బిడ్డ సరిగ్గా ఆ చేతి కిందికి వచ్చి ఆగింది. చెయ్యి ఎటు జరిపితే అటే జరిగింది.

"వచ్చిన గద బిడ్డా, ఇగ రా" అన్నాడు.

"అది రాదు" అన్నది లక్ష్మీనర్సమ్మ. "నువ్వు బుజం మీది సంచి గూడ తియ్యకపోతివి. అది ఉండేటోని కోసం చూస్తాంది. వచ్చి పోయేటోని కోసం గాదు."

అతనికి సిగ్గేసింది. సంచి తీసి కింద పెట్టాడు, కానీ బస్సు వేళకు మళ్లీ తగిలించుకోక తప్పలేదు. అట్లా నాలుగు వారాలు పోయి వచ్చాడు. తిరుగు బస్సులో కూర్చున్నంతసేపూ అరచేతిలో ఆ కదలిక ఉండేది, షాద్‌నగర్ దాటేసరికి అదీ పోయేది.

చివరికి క్యాంటీన్ నవ్వులకు తెగించి టైం ఆఫీసుకు పోయాడు. నబీ కాగితం తీసి కలం పట్టుకున్నాడు.

"పుట్టిన తేదీ చెప్పు."

"ఇంకా పుట్టలే నబీ సాబ్. నేను పోతె పుడ్తది."

"అట్లనా. ఎన్నో నెల?"

"పన్నెండు పడ్డది."

నబీ తల ఊపాడు. "బిడ్డ తప్పు లేదు. కాని తేదీ లేకుంటె మేనేజర్ దస్తకత్ పెట్టడు. పుట్టినంక రా."

"పుట్టాలంటె సెలవు గావాలె సాబ్."

"సెలవు గావాలంటె పుట్టాలె నర్సూ."

నబీ తేదీ గడిని ఖాళీగానే వదిలి కాగితాన్ని సొరుగులో పెట్టాడు. వేరే సెలవు లేదు, చెప్పకుండా పోతే మూడు రోజులకు పేరు కొట్టేస్తారు. గేటు బయట ఆ పేరు కోసం ఇరవై మంది నిలబడి ఉన్నారు. ఉద్యోగం పోగొట్టుకొని బిడ్డను తెచ్చుకుంటే ఏం పెట్టి సాకాలి? వెంకటనర్సు మళ్లీ ఫ్రేముల దగ్గరికి పోయాడు. ఆ రోజు అతని వైపు పోగులు ఎన్ని తెగాయో లెక్కే లేదు.

పదమూడో నెల నడుస్తుండగా ఇంకో కార్డు వచ్చింది. లక్ష్మీనర్సమ్మ కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోతోంది. సుక్కమ్మ చెప్పిన మాట కింద రాయించారు: "పిల్ల ఎన్ని దినాలైన ఆగుతది. తల్లి ఆగదు."

వెంకటనర్సు ఆ కార్డును తెల్లారి కూత పడగానే తెచ్చి నబీ ముందు పెట్టాడు. నబీ రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు ఆరుగురు నర్సూ. ఆరుగురు పుట్టినప్పుడు నేను గీ కుర్సీలనే కూసోని ఇంకోళ్ల హాజరు రాస్తున్న. ఇంటికి పొయ్యేసరికి కడిగి, బట్టల సుట్టి చేతిల పెట్టేటోళ్లు. మా చిన్నోడు పుట్టంగనె ఎట్ల ఏడ్చిండని మా ఇంటామె లాడ్లీ బేగంను ఇప్పటికీ అడుగుత. ఎన్నిసార్లు చెప్పాలె అని కసురుతది. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఇనవడదు గద."

కళ్లద్దాలు పెట్టుకొని, పుట్టిన తేదీ గడిలో ఆ రోజు తేదీ రాశాడు. ముద్ర వేశాడు. మేనేజర్ గదిలోకి పోయి సంతకంతో బయటికి వచ్చాడు.

"తప్పు రాస్తున్నవు సాబ్. ఎరుకైతె నీ నౌకరి పోతది" అన్నాడు వెంకటనర్సు.

"పొద్దు మునిగే దాక తప్పు గాదు. నా ఫికర్ ఇడిసిపెట్టి బస్సెక్కు."

బస్సులు, ఒక లారీ, మళ్లీ బస్సు. కొత్తకోటలో దిగి పరుగెత్తేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. ఇంట్లోకి పోగానే సంచి దులిపి, బట్టలన్నీ దండెం మీద వేశాడు. గోడకు ఆనుకున్న లక్ష్మీనర్సమ్మ ఒక్కొక్క బట్టనూ చూసింది. ఆమె ముఖం సగమైపోయింది.

"ఎన్ని దినాలు?"

"పది."

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకొని నెమ్మదిగా అడిగింది. "పదంట బిడ్డా. సాలుతయా?"

కాసేపటికి ఆమె పళ్లు బిగించి చాప అంచు పట్టుకున్నది.

సుక్కమ్మ వచ్చి, మొగవాడికి ఇక్కడేం పనని వెంకటనర్సును బయటికి తోలింది. అతను గడప దాటాడు, నొప్పులు ఆగిపోయాయి. మంచినీళ్లు అందించడానికి తిరిగి వస్తే మొదలయ్యాయి. మళ్లీ తోలితే మళ్లీ ఆగాయి. ఎండ గోడ మీద జానెడు మిగిలింది. సుక్కమ్మ నడుముకు కొంగు చుట్టుకొని గడపలో నిలబడింది.

"నలభై ఏండ్ల సంది కాన్పులు జేస్తున్న, ఒక్క మొగోన్ని లోపటికి రానియ్యలే. రా కొడుకా. తలదిక్కు కూసొని బుజాలు పట్టు. కండ్లు తిరిగి పడ్డవంటె నిన్ను జూసుడు నాతోని గాదు."

అతనికి కళ్లు తిరగలేదు. భార్య తలను ఒడిలో పెట్టుకొని, ఆమె గోళ్లు తన చేతుల్లో దిగుతుంటే దిగనిచ్చాడు. గోడ మీద ఇంకా బెత్తెడు వెలుతురు ఉండగానే ఆడపిల్ల పుట్టింది. జుట్టు మెడ దాకా పెరిగి ఉంది. సుక్కమ్మ బొడ్డు కోసి, కడగకుండానే పిల్లను తండ్రి చేతుల్లో పెట్టింది. అంతకాలం ఆగింది అతని కోసమే కాబట్టి, పిల్ల ముందు అతన్ని తేరిపార చూసి, ఆ తరవాతే గట్టిగా ఏడ్చింది.

దారి పొడుగునా ఏమేమో మాట్లాడాలనుకున్నాడు. రెండేళ్లుగా గొంతులో ఉన్నదే ముందు వచ్చింది. సుక్కమ్మ ఉన్నదని, అత్త ఉన్నదని చూడకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే భార్యను అడిగాడు.

"పెద్దది గిట్లనే ఉండెనా?"

నీళ్లు పోస్తున్న ఈదమ్మ చెయ్యి ఆగింది. లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకొని ఉంది. చెప్పదనే అనుకున్నారు.

"ముక్కు గిట్లనే" అన్నది. "గదుమ నీది. గిన్ని ఎంటికలు లేకుండె. కుడి చెవి ఎనక మచ్చ ఉండె, నువ్వుగింజంత."

వెంకటనర్సు చేతుల్లోని పిల్ల కుడి చెవి వెనక వేలితో తడిమాడు. అక్కడ మచ్చ లేదు.

"ఇంకా?" అన్నాడు.

"మొదటి దినం పాలు పట్టలే. రెండో దినం పట్టింది. తాగుతుంటే నా పుస్తెల తాడు పట్టుకునేది."

పెద్దదాని మూడో రోజు ముచ్చట చెప్పడం అయ్యేసరికి ఈదమ్మ దీపం పెట్టింది. ఇంక చాలు, కొంచెం కన్ను మూయమని సుక్కమ్మ కసిరింది. మిగతావి రేపు చెప్తానని లక్ష్మీనర్సమ్మ అతని వైపు తిరిగి పడుకున్నది. రేపు అతను ఇంట్లోనే ఉంటాడు.