గరిటె చప్పుడు

కాపురానికి షార్జా వచ్చిన మొదటి వారంలోనే హెప్సిబా ఆ ఊళ్లో తనకు నచ్చినవన్నీ ఏరి పెట్టుకుంది. లిఫ్టులో నిలువెత్తు అద్దం, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు బకెట్లో పడే చప్పుడు, ఫోన్ చేస్తే కింద కెఫెటేరియావాళ్లు మేడ మీదికి తెచ్చిచ్చే కరక్ చాయ్. అన్నిటికంటే నచ్చింది బాల్కనీ. ఇద్దరు నిలబడితే భుజాలు ఆనుకోక తప్పనంత ఇరుకు. కొత్తగా పెళ్లయినవాళ్ల కోసమే కట్టారేమో అనుకుంది.

పెళ్లి కుదిరాక వీడియో కాల్లో సత్యప్రసాద్ ఆ బాల్కనీ చూపించినప్పుడే, రాజోలులో కూర్చుని ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. రోజూ సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజా వినబడ్డాక ఇద్దరూ అక్కడ నిలబడి చాయ్ తాగాలి. మిగతా రోజంతా అతను ఎవరివాడైనా సరే, ఆ కాసేపు మాత్రం తనవాడు.

మిగతా రోజంతా నిజంగానే అందరివాడు. కరోనా తగ్గిన ఏడాది, సొంత ఊళ్లోని చర్చి సంఘం అతన్ని ఇక్కడి తెలుగువాళ్ల సేవకు మిషనరీగా పంపింది. పొద్దున ఉమ్ అల్ క్వైన్‌లో బాలింత ఇంట్లో ప్రార్థన ఉంటే, మధ్యాహ్నం ఆసుపత్రిలో ఎవరి మంచం పక్కనో ఉంటాడు. అక్కణ్ణుంచి సజ్జా లేబర్ క్యాంపుకి బస్సెక్కుతాడు. మందిరం గడప తొక్కనివాళ్లు కూడా ఫోన్ చేస్తారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పోశయ్య అయితే, “సారూ, నీకు ఇంగ్లీషస్తది గదా, మా ముదీర్‌తోని, గదే మేనేజర్‌తోని, జర మాట్లాడు,” అని వారానికోసారైనా అడుగుతాడు. హెప్సిబాకి వాళ్లెవరి మీదా కోపం లేదు. మొగుడు అంతమందికి కావలసినవాడని లోలోపల గర్వం కూడాను.

ఆమెను కాల్చుకు తిన్నది ఒక్క ఫోనే.

సరిగ్గా అజా అయిన కాసేపటికి, చాయ్ కప్పులు చేతికొచ్చే వేళకి అది మోగేది. తెర మీద ‘సత్యకుమారి’ అని పడేది. సత్యప్రసాద్ బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు జరిపేసేవాడు. ఆ తర్వాత పాడేవాడు. సన్నగా, నిదానంగా, పసిబిడ్డను జోకొడుతున్నట్టు పాడేవాడు. పెళ్లయిన మర్నాడు ఒక్క పాట పాడమని ఆమె బతిమాలితే, “ఆదివారం మందిరంలో వింటావుగా,” అని తప్పించుకున్న మనిషి!

తలుపుకి ఇవతల నిలబడి హెప్సిబా సత్యకుమారిని ఊహించుకునేది. బారెడు జడ పెట్టింది. బుగ్గ మీద సొట్ట పెట్టింది. సత్యప్రసాద్, సత్యకుమారి. శుభలేఖ మీద ఆ పేర్లు ఎంత బాగా కుదురుతాయో తలుచుకుని ఒళ్లు మండించుకునేది. ఆదివారం ఆరాధన అయ్యాక “వందనాలు అమ్మగారూ” అంటూ వచ్చిన ఆడవాళ్లందరినీ పేరుపేరునా పలకరించింది. పేరమ్మలు దొరికారు, మాలతులు దొరికారు. సత్యకుమారి మాత్రం లేదు.

“ఎవరండీ ఆవిడ?” అని ఒకరోజు అడిగేసింది.

“ప్రార్థన విన్నపం హెప్సీ. మనల్ని నమ్మి చెప్పుకున్నది ఇంట్లో చెప్పకూడదు. అడక్కూడదు.”

“ఇంట్లో అంటే నేనేగా.”

అతను నవ్వేశాడు. అప్పటికి అతని చాయ్ మీగడ కట్టింది. దాన్ని తీసుకెళ్లి ఏసీ నీళ్ల బకెట్లో పారబోసింది. ఆవిడెప్పుడైనా తన చేతికి దొరికితే ఏమనాలో ఒక్క వాక్యం తయారుచేసుకుని, గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ అప్పజెప్పుకునేది.

ఒకరోజు సజ్జాలో దుమ్ము గాలి లేచింది. క్యాంపు బయట గాలికి ఎదురు నిలబడి అరిచి అరిచి బైబిల్ వాక్యం చెప్పిన సత్యప్రసాద్‌కి గొంతు పూర్తిగా పోయింది. ఇటు పనిమీద వస్తున్న కంపెనీ వ్యానులో పోశయ్యే దింపిపోయాడు. పోతూపోతూ, “కొత్తగ పెండ్లయినోల్లకు గొంతెందుకు సారూ? ఇంట్ల అమ్మ మాట్లాడుతది, నువ్వు తల ఊపు,” అన్నాడు.

ఉప్పునీళ్లు పుక్కిలిస్తుండగానే అజా వినబడింది. ఆ వెంటనే ఫోన్ మోగింది.

సత్యప్రసాద్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఫోన్ వైపు, భార్య వైపు మార్చి మార్చి చూసి, చివరికి ఆమె చెవి దగ్గర వంగి బొంగురుగా గుసగుసలాడాడు. సత్యకుమారి ఒక విల్లాలో పనిమనిషి. ఆదివారం సెలవు లేదు. పనివేళ ఫోన్ ముట్టుకోకూడదు. దొంగచాటుగా ఫోన్ కలిపి, తలగుడ్డ కింద ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సింకు దగ్గర అంట్లు తోముతూ వింటుంది. నోరు విప్పితే మేడమ్‌కి తెలుస్తుంది. నలుగురి నోళ్లలో పడ్డా తెలుస్తుంది.

“గరిటెతో గిన్నె మీద ఒక్కసారి కొడితే ఆమేన్. రెండుసార్లు కొడితే మళ్లీ పాడమని. నాకెప్పుడూ రెండుసార్లు కొట్టలేదులే. నువ్వు పాడు.”

హెప్సిబా ఫోన్ అందుకుంది. అవతల నీళ్లు పడుతున్నాయి. ఇన్నాళ్లూ అప్పజెప్పుకున్న వాక్యం దానంతటదే బయటికొచ్చేసింది.

“నేను అయ్యగారి భార్యనండీ.”

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. అవతల కొళాయి ఆగిపోయింది. తర్వాత గిన్నె మీద ఒక్క దెబ్బ వినబడింది.

ఆమేన్.

హెప్సిబాకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఏం పాడాలో తోచక, చిన్నప్పుడు సండే స్కూల్లో చప్పట్లు కొడుతూ గెంతుతూ పాడే పాట అందుకుంది. అతని పాటలాగా నిదానమైనది కాదు, పరుగెత్తే పాట. సగంలోకి వచ్చేసరికి అవతల గిన్నెలు దాని తాళానికే కదులుతున్నాయి. పాట అయిపోగానే గరిటె టంగు టంగుమంది.

రెండుసార్లు.

హెప్సిబా తలెత్తి చూసింది. ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని సత్యప్రసాద్ అలాగే నిలబడిపోయాడు. అతను కూడా విన్నాడు.

వారం తిరక్కుండా గొంతు వచ్చేసింది. ఫోన్ మోగగానే అలవాటుగా చెయ్యి చాపాడు. హెప్సిబా అప్పటికే ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది. “మీరు చాయ్ చెప్పండి,” అంటూ తలుపు జరిపేసింది.

పాడడం అయి తలుపు తీసేసరికి అతను రెండు కప్పులూ చేతుల్లో పట్టుకుని అద్దం తలుపుని ఆనుకునే ఉన్నాడు. ఆమె కోసం ఉంచినదాంట్లో మీగడ కట్టింది. ఆ మొహం హెప్సిబాకి బాగా తెలుసు. ఇన్నాళ్లూ లిఫ్టు అద్దంలో రోజూ చూసుకున్నదే.

“ఇవాళ ఎన్నిసార్లు కొట్టిందేంటి?” అన్నాడు, ఏమీ పట్టనట్టు.

హెప్సిబా మీగడ కట్టిన కప్పు తనే తీసుకుని, అతన్ని బాల్కనీలోకి పిలిచి, భుజానికి భుజం ఆనించి నిలబడింది.

“ప్రార్థన విన్నపమండీ,” అంది. “అడక్కూడదు.”