మీసాలు కొలతలోకి రావు

నేను ఒక గాజు గొట్టాన్ని. రెండు చివరలా నోరున్నదాన్ని కనుక కాస్త ఎక్కువే మాట్లాడతాను, సర్దుకోండి. బట్టీ మంటల్లో సాగి పుట్టాను. మొదట కాకినాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేరాను. అక్కడెవరో చెయ్యి జారవిడిచి నా అడుగు పగలగొట్టి, తప్పంతా నాదే అన్నట్టు చెత్తబుట్టలో పడేశారు. జువాలజీ చెప్పే కాత్యాయని మేడమ్ నన్ను పైకి తీసి, పగిలిన అంచు నున్నగా అరగదీసి, ఒంటి పొడవునా కొలత కాగితం అతికించింది. ఆవిడకి కావలసింది అడుగులేని గొట్టమే.

ఆవిడ పని జెర్రుల్ని కొలవడం. నవ్వకండి, అది ఆషామాషీ పని కాదు. జెర్రికి ఇరుకంటే ప్రాణం. ఒళ్లు అటూ ఇటూ గోడకి తగిలిందంటే పరుగు మాని కుదురుగా పడుకుంటుంది. అప్పుడు తల అంచు నుంచి ఒంటి చివరిదాకా కొలవాలి. మీసాలూ, వెనక్కి చాచిన ఆఖరి జత కాళ్లూ లెక్కలోకి రావు. మనుషులు మాత్రం మీసాల్నీ కాళ్లనీ, తమ భయాన్నీ కూడా కలిపి కొలిచి మూరెడు ఉందంటారు. వెయ్యి కాళ్లనీ అంటారు. నాలో పడుకున్న పెద్ద జెర్రులన్నిటికీ ఇరవయ్యొక్క జతలే.

ఒక ఉదయం కోనసీమలో కొబ్బరి పీచు తీసే యార్డు నుంచి కబురొచ్చింది. కొబ్బరికాయల పైన ఉండే పీచు డొక్కలు ఏరుతున్న వీరవేణిని పెద్ద జెర్రి కరిచిందట. మేం వెళ్లేసరికి ఆమె ఆసుపత్రిలో సూది వేయించుకుని వచ్చి, వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మగవాళ్లు డొక్కల కుప్ప మొత్తం తగలబెడతామని కూర్చున్నారు. ఇంత పొడుగుందంటే పోతు జెర్రే అయ్యుంటుందని వాళ్లలో వాళ్లే తేల్చేసుకున్నారు కూడా.

వీరవేణి చూపించిన చోట మేడమ్ డొక్క పక్కకు తీసి, జెర్రి ముందు నా నోరు ఆనించింది. అది నాలోకి వచ్చింది. అబ్బ, ఏం అందమనుకున్నారు! ఇటుకరంగు తల, ఒంటి నిండా నల్లటి పట్టీలు, కాళ్ల నడక ఒకదాని వెనక ఒకటి అలలా. కొలిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు. మేడమ్ భూతద్దంతో ఆఖరి కాళ్ల తొడల మీది ముళ్లు మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. ఆ ముళ్ల వరస తెలిసిన ఏ రకానికీ సరిపోవడం లేదు. ఇలాంటిదాని కోసమే ఆవిడ ఏళ్ల తరబడి తిరిగింది. కొత్త రకమని నిరూపించాలంటే దాని ఒళ్లు స్పిరిట్‌లో భద్రం చెయ్యాలి. సీసా మూత తీసింది.

అప్పుడు వీరవేణి డొక్క కిందకి వంగి చూసి, మెల్లగా అంది.

"మేడమ్ గారూ, ఇక్కడ గుడ్లున్నాయండి."

పచ్చటి చిన్న ముద్ద. పోతు అన్నవాళ్లు కూడా వంగి చూశారు. తల్లి జెర్రి తిండి మానేసి గుడ్ల చుట్టూ చుట్టుకుని ఉంటుందనీ, బూజు పట్టకుండా నాకుతూ ఉంటుందనీ, అది లేకపోతే గుడ్లు దక్కవనీ మేడమ్ చెప్పింది. చెప్తూ చెప్తూ గొంతు తగ్గించేసింది.

వీరవేణి తన వాపు చెయ్యి చూసుకుంది. "అయితే పిల్లల్ని కాసుకుంటా కరిచిందన్నమాటండి. దాన్ని సీసాలో పెట్టెయ్యకండి."

"వదిలేస్తే ఇది కొత్తదని నేను ఎవరికీ చూపించలేను, వీరవేణీ."

"మీ చదువు సంగతి నాకు తెలీదండి. నేనైతే ఎల్లనిచ్చేద్దును."

మేడమ్ భూతద్దం తీసి ఆ ముళ్లు ఇంకోసారి చూసింది. ఆ క్షణాన ఆవిడంటే నాకు జాలేసింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది. చివరికి సీసా మూత బిగించేసింది.

బెదిరిన తల్లి ఒక్కోసారి తన గుడ్లు తనే తినేస్తుందని చెప్పి అందర్నీ దూరం పంపింది. నన్ను గుడ్ల దగ్గర పడుకోబెట్టింది. జెర్రి బయటికి వచ్చి మీసాలతో గుడ్లు తడిమింది, ఆగింది. మళ్లీ తడిమి, నెమ్మదిగా వాటిచుట్టూ చుట్టుకుపోయింది. వీరవేణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. జెర్రి పిల్లలు వెళ్లిపోయేదాకా ఆ కుప్ప జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

అంత పెద్దది, ఆ ముళ్ల వరసతో, మేడమ్‌కి మళ్లీ దొరకలేదు. నేనిప్పుడు కాలేజీ మ్యూజియం అద్దాల బీరువాలో ఉన్నాను. నా చుట్టూ స్పిరిట్ సీసాలు, వాటిలో కదలని జెర్రులు. మొన్న తనిఖీకి వచ్చిన పెద్దమనిషి నా ముందు ఆగి, ఈ ఖాళీ గొట్టం ఎందుకు పెట్టారని విసుక్కున్నాడు.

జుట్టు నెరిసిన కాత్యాయని మేడమ్ నా వైపు చూసి చెప్పింది:

"అందులో ఉన్నావిడ పిల్లల దగ్గరికి వెళ్లిందండి."