ఇత్తడి పళ్ల కార్డు

ఎదురింటావిడ కూరగాయల బండి దగ్గర అందరికీ చెప్పిందట: "మాష్టారి గదిలో ఎవరో చావుబతుకుల్లో ఉన్నారొదినా. పొద్దున్నే 'లేచింది, లేచింది' అని ఒకటే కేక. కాసేపటికి 'పోయింది' అని ఏడుపుగొంతు. మళ్లీ లేస్తుంది, మళ్లీ పోతుంది!"

లేస్తున్నదీ పోతున్నదీ ఒక ముసలి కంప్యూటరు. బడిలో సైన్సు చెప్పే మాష్టారు దాని పాత ప్రాసెసర్ నత్తనడక భరించలేక, చురుకైన ప్రాసెసరున్న కార్డొకటి లోపల గుచ్చారు. కార్డు తీసేస్తే పాతదే మళ్లీ పని అందుకుంటుంది. ఇప్పుడు ఎక్కడో ఒక బృందం కొత్త కెర్నెల్ రాసింది. కెర్నెలంటే కంప్యూటరు మొత్తం మీద పెత్తనం చేసే మూల ప్రోగ్రాం. "ఇంకా ప్రయోగదశే. ఇలాంటి కార్డులున్నవాళ్లు పరీక్షించండి. ఆదివారంలోగా ఒక్కరైనా నడిచిందని చెప్పకపోతే వీటిని జాబితాలోంచి కొట్టేస్తాం" అని ప్రకటించింది.

ఇంట్లో ప్రకటన వేరే ఉంది. "ఆదివారానికి ఆ కార్డు నడవకపోతే కంప్యూటరు బల్ల నాది" అంది భార్య. ఆవిడ ఆరేళ్లుగా చేతిమిషను నేలమీద పెట్టుకుని, నడుం విరిగేలా వంగి ఊరివాళ్ల బట్టలు కుడుతోంది.

నాలుగు రోజులపాటు కెర్నెల్ తెరమీద నాలుగక్షరాలు చల్లి కొయ్యబారిపోయింది. ప్రతిసారీ మాష్టారు మూత విప్పి, కార్డు లాగి, దాని ఇత్తడి పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫని ఊది, మళ్లీ గుచ్చేవారు. శుక్రవారం అలా రుద్దుతుండగా హెడ్మాస్టరు ఫోన్ చేశారు. ఆయనకు "చిత్తం, చిత్తం" అంటూనే మాష్టారు మూత బిగించి మీట నొక్కారు.

లేచింది. ఈసారి పోలేదు.

వెంటనే బావమరిదిని పిలిచి కుర్చీ వేశారు.

"చూశావట్రా వేగం! కార్డు లేనప్పుడు ఇదే పనికి పావుగంట పట్టేది."

"ఇప్పుడో?"

"పద్నాలుగు నిమిషాలు!"

"ఒక్క నిమిషమేగా బావా..."

"నిమిషమంటే తమాషానా? బళ్లో పిల్లలకి రోజూ చెప్పేదేంటి? చూసిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు. నేను చూసిందే రాస్తా."

మూడు పేజీలు రాసి పంపారు. 'కార్డు అద్భుతం. వేగం కంటికి కనిపిస్తోంది.' బృందం పొంగిపోయి, 'ప్రయోగదశ' అన్న మాట పీకేసి, 'ఈ కార్డులకు పూర్తి భరోసా' అని తగిలించింది.

ఆదివారం ఎదురింటావిడ, బావమరిది, హెడ్మాస్టరు బల్ల చుట్టూ నిలబడ్డారు. మాష్టారు కంప్యూటరు వీపు తట్టారు.

"ఇంక మిషను మాటెత్తకు. కార్డు గెలిచింది."

భార్య గుండీల డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించింది. గుండీల నడుమ ఇత్తడి పళ్లు తళతళలాడుతూ కార్డు పడింది.

"శుక్రవారం ఫోనొచ్చినప్పుడు మంచంమీద పారేశారు. అప్పట్నించీ నా డబ్బాలోనే ఉంది. బల్ల తుడవండి, మిషను తెస్తా."