పోర్ట్ కర్నో జెట్టీ పొడవు

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి రాలీన్ పాస్కో పరుగు బూట్లు వేసుకుని, జుట్టు ముడేసుకుని, కిలోమీటర్లు లెక్కపెట్టే గడియారం చేతికి కట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేది. బార్లీ గోదాముల దాకా పరిగెత్తేది. అక్కడొక మలుపు ఉంది. ఆ మలుపు తిరిగితే ఇంటి వరండాలో కూర్చున్న మొగుడు నెవిల్‌కి మనిషి కనబడదు. అక్కణ్ణించి నడక. ఆ నడక బేకరీ పెరటి గుమ్మం దగ్గర ఆగేది.

నెవిల్‌కి ఆ మలుపు సంగతి తెలియదనుకోవడం రాలీన్ అమాయకత్వం. కాకపోతే నెవిల్ ముప్ఫై ఏళ్ళ కాపురంలో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక ఉత్తరం నిండదు.

బేకరీ మార్జ్ మాంసం కూరిన వేడివేడి పేస్టీ పళ్ళెంలో పెట్టి, "ఇవాళ ఎంత దూరం అమ్మడూ?" అని అడిగేది.

"గోదాముల దాకా."

"పోయిన వారం కంటే పది గజాలు తగ్గావు. గోదాములకి ఇవతలే నడక మొదలెట్టావు, నేను చూశాను."

మార్జ్ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా రాలీన్ అక్కడే కూర్చునేది. ఎందుకంటే పోర్ట్ కర్నోలో ఆదివారం ఆ వేళకి తెరిచి ఉండేవి రెండే రెండు, బేకరీ ఒకటి, చర్చి ఒకటి. చర్చిలో పేస్టీలు పెట్టరు.

సరిగ్గా తొమ్మిదింటికి ఫోను మోగేది. అడిలైడ్ నుంచి బ్రోన్విన్. ఇద్దరూ కవలలు. బ్రోన్విన్ పదకొండు నిమిషాలు ముందు పుట్టింది కాబట్టి అక్క. ఆ పదకొండు నిమిషాల పెద్దరికాన్ని యాభై ఏళ్ళుగా చెలాయిస్తూనే ఉంది.

"ఎంత పరిగెత్తావే?"

"ఎనిమిది," అంది రాలీన్, నోట్లో ముద్ద బుగ్గకి తోసి.

"అబ్బో! నేనూ ఎనిమిదే. కొంచెం కూడా ఆయాసం లేదు తెలుసా."

"మరి రొప్పుతున్నావేం?"

"ఇప్పుడేగా ఆగాను. నువ్వే రొప్పడం లేదు, నీ గుండె గుర్రం గుండె అయినట్టుంది."

రాలీన్‌కి పేస్టీ గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగితే దిగింది గానీ, దానికింద ఇంకేదో ఉండిపోయింది. అది వారం పొడుగునా దిగలేదు.

ఇక్కడ జెట్టీ సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో అది ఎవరూ ఎవరికీ చెప్పరు, రొట్టె మీద వెన్న రాయమని చెప్పనట్టే. నూట నలభై ఏళ్ళ కిందట బార్లీ ఓడల కోసం సముద్రంలోకి కొయ్య జెట్టీ కట్టారు. కట్టినప్పుడు నాలుగు వందల గజాలు. పోర్ట్ కర్నోలో పుట్టిన మనిషి, ఏ దేశంలో ఉన్నా సరే, ఒక అబద్ధం ఆడితే జెట్టీ చివర ఒక చెక్క పలక పెరుగుతుంది. ఆ అబద్ధాన్ని ఎన్ని మాటలతో అలంకరించినా పలక ఒక్కటే. నీళ్ళలోంచి తడితడిగా లేచి, ముందు పలక పక్కన అతుక్కుంటుంది. అవసరమైతే కింద స్తంభం కూడా వస్తుంది. ఇప్పుడు చివరిదాకా నడవాలంటే ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరాలి. ఊరి కుర్రాడొకడు నగరానికెళ్ళి ఇళ్ళ దళారీ అయిన ఏడాది జెట్టీ చేపలుండే లోతు నీళ్ళకి చేరింది. చేపలు పట్టేవాళ్ళు అతని పేరు చెప్పి ఇప్పటికీ దణ్ణం పెడతారు. మార్జ్ రోజూ పొద్దున్న "ఇవాళ్టి రొట్టే" అంటుంది కదా, అందులో ఆవిడ వాటా కూడా తక్కువేమీ కాదు. మూడేళ్ళకోసారి పంచాయతీ వాళ్ళు వచ్చి కొత్త మేరకి దీపాలు వేసి పోతారు. ఏ పలక ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు. అది మర్యాద కాదు.

అక్కాచెల్లెళ్ళ పందెం రెండేళ్ళ కిందట మొదలైంది. బ్రోన్విన్‌కి రొమ్ములో గడ్డ తీసి, ఆసుపత్రి కుర్చీలో కూర్చోబెట్టి మందు ఎక్కిస్తున్నారు. పక్కన రాలీన్ పత్రిక తిరగేస్తోంది. బ్రోన్విన్ కళ్ళు మూసుకునే, "యాభయ్యో పుట్టినరోజుకి మనూళ్ళో హాఫ్ మారథాన్ పరిగెడదామే. ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఇద్దరం, పక్కపక్కన," అంది. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి చంద్రుడి మీదికి పోదామన్నా సరే అంటాం. రాలీన్ సరే అంది. జూన్ నెల పొడుగు సెలవుల ఆదివారం పరుగు. ఆ ఏడు పుట్టినరోజూ ఆ రోజే వచ్చింది.

పన్నెండు వారాల పట్టిక ఫ్రిజ్‌కి అంటించుకుని రాలీన్ మొదటి రెండు ఆదివారాలూ నిజంగానే పరిగెత్తింది. మూడో వారం మోకాలు వాచింది. ఆ రోజు ఫోనులో ఏమీ పరిగెత్తలేదని చెబుదామనే అనుకుంది. ఈలోపే అటునుంచి బ్రోన్విన్, "నువ్వు పరిగెడుతున్నావన్న ధైర్యంతోనే మంచం దిగుతున్నానే," అంది. రాలీన్ నోట్లోంచి "అయిదు కిలోమీటర్లు" అని వచ్చేసింది. అక్క గొంతు వెలిగింది. ఆ వెలుగు ఆర్పడానికి రాలీన్‌కి మనసొప్పలేదు. తరవాతి వారం ఆరు. ఆపై ఎనిమిది. అబద్ధానికి మోకాళ్ళ నొప్పులుండవు.

మే నెల మొదట్లో ఒక శనివారం క్లెమ్ ట్రెవెనా తపాలా ఆఫీసుకొచ్చాడు. రాలీన్ ఉద్యోగం అక్కడే. క్లెమ్ ఒకప్పుడు బడి బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఆదివారాలు జెట్టీ చివర గాలం వేసి స్క్విడ్ పట్టడం, ఏటా పరుగు దారి కొలవడం ఆయన పనులు. పరుగు జెట్టీ చివర ముగుస్తుంది. జెట్టీ ఎంత పెరిగితే అంత, మొదలుపెట్టే గీతని ఉప్పు చెరువు వైపునుంచి ముందుకి జరుపుతాడు. ఆ లెక్కలో ఆయన్ని తప్పుపట్టినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే క్లెమ్ ఊరుకునేవాడూ కాదు.

"ఈ ఏడు గీత గీయలేక చస్తున్నానమ్మాయ్," అన్నాడు స్టాంపు నాలుకకి రాసుకుంటూ. "ఎన్నికలు కూడా లేవాయె."

రాలీన్ తేలు కుట్టిన దొంగలా కవర్లు సర్దుకుంది.

"దానికేం గానీ, ఆదివారాలే నాకు విసుగు. సరిగ్గా తొమ్మిదింటికి, ఊరంతా పక్కల మీదో ప్రార్థనలోనో ఉన్నప్పుడు, పలక లేస్తుంది. సరే, బక్కెట్టు ముందుకి జరుపుకుంటాను. కూర్చునేలోపు రెండోది. మళ్ళీ లే, మళ్ళీ జరుపు. వారం వారం ఇదే తంతు. నా నడుం సంగతి ఎవడికి కావాలి?"

"రెండా, బాబాయ్?"

"రెండు. నాకు లెక్కలు రావంటావా?"

ఆ రాత్రి రాలీన్‌కి నిద్ర పట్టలేదు. తొమ్మిదింటికి తను ఆడేది ఒక్క అబద్ధమే. ఎన్ని కిలోమీటర్లు అన్నదానికి జవాబు. తరవాత మాట్లాడుకునేది వాతావరణం, నెవిల్ మౌనం, మార్జ్ పిసినారితనం. అవన్నీ నిజాలే. తన పలకలు పుట్టుమచ్చల్లా తనకి తెలుసు. మరి రెండోది?

ఆదివారం బేకరీ దాటి పోయింది. మార్జ్ పెరట్లోంచి, "పేస్టీ చల్లారిపోతుంది!" అని అరుస్తున్నా ఆగలేదు. జెట్టీ చివరికి చేరేసరికి తొమ్మిదికి రెండు నిమిషాలుంది. క్లెమ్ పలకరింపుగా తలాడించి, బక్కెట్టు తన కాళ్ళ దగ్గరికి లాక్కున్నాడు.

ఫోను మోగింది.

"ఎంత పరిగెత్తావే?"

రాలీన్ నీళ్ళ మీద చూపు నిలిపింది. "ముందు నువ్వు చెప్పక్కా."

"పన్నెండు! నమ్మవు కదూ? పన్నెండు పరిగెత్తి కూడా పువ్వులా ఉన్నాను. ఆయాసం లేదు, ఏమీ లేదు."

రాలీన్ కాలి బొటనవేలి ముందు నీళ్ళు నల్లబడ్డాయి. అందులోంచి పలక లేచింది, అంచునిండా ఆల్చిప్పలతో, నీళ్ళోడుతూ. టక్కుమని అతుక్కుంది. క్లెమ్ నిట్టూర్చి, లేచి, బక్కెట్టు ఒక పలక ముందుకి జరిపి కూర్చున్నాడు.

అవతల ఫోనులో రొప్పు వినిపిస్తోంది. అది పరిగెత్తి ఆగిన మనిషి రొప్పు కాదు. ఎనిమిది వారాలుగా అదే రొప్పు, అదే తొమ్మిదింటికి.

"అక్కా, నేను జెట్టీ చివర ఉన్నాను."

బ్రోన్విన్ కూడా ఆ ఊళ్ళోనే పుట్టింది. మిగతాది చెప్పనక్కర్లేదు.

కానీ రాలీన్‌కి చెప్పాల్సింది ఉంది. ఆ పలక నీదని అక్కతో అనాలంటే, మిగతావి తనవని ఒప్పుకోవాలి. క్లెమ్ వినేంత దూరంలోనే ఉన్నాడు. విన్న పది నిమిషాలకి మార్జ్‌కి చేరుతుంది, మధ్యాహ్నానికి ఊరికి. ఆమెకి భయం వేసింది ఊరిని చూసి కాదు. అక్క గొంతులో తను వెలిగించిన దీపాన్ని చూసి.

"నేను పరిగెత్తడం లేదక్కా. మూడో వారం నుంచి. గోదాముల దాకా వెళ్ళి, మార్జ్ దగ్గర కూర్చుని తింటున్నాను. అయిదూ అబద్ధమే, ఎనిమిదీ అబద్ధమే. ఇప్పుడు నువ్వు చెప్పు. నీకేమైంది?"

బ్రోన్విన్ గొంతు తగ్గించింది. "పడుకుంటే ఊపిరాడటం లేదే. కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాను. చీలమండలు రొట్టెల్లా ఉబ్బాయి."

"డాక్టరుకి చెప్పావా?"

"ఏమని చెప్పను? నువ్వేమో ఎనిమిది పరిగెత్తానంటావు, నేనేమో ఉత్తరాల డబ్బా దాకా నడవలేకపోతున్నాను. మందు నీరసం, బద్ధకం, అంతే అనుకున్నాను. నీతో సమానంగా ఉండాలని రెండుసార్లు పరిగెత్తడానికి వెళ్ళాను కూడా. రెండోసారి పక్కింటాయన వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు."

రాలీన్ విన్నదంతా క్లెమ్‌కి రెండు ముక్కల్లో చెప్పింది. క్లెమ్ బస్సు డ్రైవరు గనక ఆపదలో మాటలు తక్కువ, పని ఎక్కువ. తన ఫోను తీసి, "అడిలైడ్‌లో మీ అక్క ఇంటి నంబరెంత? వీధి పేరు చెప్పు," అని అంబులెన్సుకి కబురు పెట్టాడు.

రెండేళ్ళ కిందటి మందు బ్రోన్విన్ గుండెని మెల్లమెల్లగా బలహీనం చేసింది. అలా జరగచ్చని అప్పుడే కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఎక్కడో ఉంది. మూడు వారాలు ఆసుపత్రిలో పెట్టి నీరు తీశారు, మాత్రలు రాశారు. యువ డాక్టరమ్మ రాలీన్‌ని బయటికి పిలిచి, "పరుగు రోజుదాకా ఇలాగే దాచి, ఆ మీద పరిగెత్తి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మీకెలా తెలిసింది?" అని అడిగింది. ఆ పిల్ల వేరే ఊరిది.

"రొప్పుతుంటే విన్నాను," అంది రాలీన్. అది నిజమే. ఎనిమిది వారాలు విన్నది. విని పేస్టీ నమిలింది.

మిగిలిన నాలుగు ఆదివారాలూ ఆమె పరిగెత్తింది. మూడు, అయిదు, ఏడు, ఏడు. మోకాలికి పట్టీ కట్టుకుంది. ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. ఎవరూ చూడని మలుపు దాటాక కూడా పరిగెత్తింది. మార్జ్ నొచ్చుకుని, ఊరికి ఆరోగ్యం మంచిది కాదని వచ్చినవాళ్ళందరితో అంది.

పుట్టినరోజున ఇరవై ఆరుగురు పరిగెత్తారు. ఇరవై అయిదుగురు వచ్చేశారు, బహుమతులిచ్చేశారు, సాసేజీలు అయిపోయాయి. రాలీన్ తొమ్మిది కిలోమీటర్లు పరిగెత్తి, మిగతాది కుంటింది. పరుగు మొదలైన మూడు గంటల నలభై నిమిషాలకి జెట్టీ మొదటికి చేరింది. చివరెక్కడో కుర్చీ, కుర్చీలో దుప్పటి కప్పుకున్న మనిషి. డాక్టర్లు ఒక్క పూట ప్రయాణానికి సరే అన్నారు. పక్కన క్లెమ్, చేతిలో గంట.

జెట్టీ పొడుగునా నడుస్తుంటే కాలికింద ఏ పలకలు తనవో రాలీన్‌కి తెలుస్తూనే ఉంది. వాటి మీద అడుగు కొంచెం బరువుగా పడింది.

క్లెమ్ గంట కొట్టాడు. రాలీన్ అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా కూర్చుంది.

"నా మీద ఇంకా కోపంగా ఉందా అక్కా?"

"లేదే పిచ్చిదానా. ఎప్పుడో పోయింది."

ముగ్గురూ నీళ్ళవైపు చూశారు. నీళ్ళు కదిలాయి. లేచింది. ఆ పలక జెట్టీ వెడల్పు మొత్తం, ఈ అంచునుంచి ఆ అంచుదాకా, రాలేదు. మధ్యలోనే ఆగిపోయింది, రంపంతో కోసినట్టు.

క్లెమ్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "డెబ్భై ఏళ్ళ బతుకులో సగం పలక చూడలేదు," అన్నాడు.

"మిగతా సగం నిజమే బాబాయ్," అంది బ్రోన్విన్, దుప్పటి పైకి లాక్కుంటూ. ఆమె రొప్పడం లేదు.

రాలీన్ లేచి వెళ్ళి ఆ సగం పలక మీద, కాళ్ళు నీళ్ళ మీదికి వేలాడేసి కూర్చుంది. పలక తడి బట్టల్లోకి ఇంకింది. అక్కకి వీపు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. వెనకనుంచి ఎవరూ లెమ్మనలేదు.