గుడ్డ వెనక కన్ను

అటెండరు పదో తరగతి గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కిటికీ కింద డ్రిల్లు మాస్టారు విజిలు ఊదారు. ఆ విజిలుకీ, నెత్తిమీద ఫ్యాను రొదకీ మధ్య నలిగి నలిగి లెక్కల మాస్టారి చెవిదాకా చేరిన మాటలు ఇవి:

"రేపు రెండింటికి మీ మెమో అంటండీ. ఇక్కడే, అందరి ముందూ. పై ఆఫీసు మేడమ్ కూడా వస్తున్నారంట."

మాస్టారి చేతిలో సుద్దముక్క రెండయింది. మళ్ళీ అడుగుదామని నోరు తెరిచారు గానీ మూసేశారు. "ఏం మెమో?" అంటే, "ఎందుకో మీకు తెలీదా?" అని ఎదురుప్రశ్న వస్తుంది. వచ్చిన చిక్కేమిటంటే, ఎందుకో ఆయనకు బాగా తెలుసు.

మెమో అంటే తప్పు చేసిన ఉద్యోగిని "ఎందుకు చేశావో రాసియ్యి" అని అడిగే కాగితం. చెయ్యనివాడికి అది కాగితం, చేసినవాడికి కాగడా. అది అప్పుడే మాస్టారి చొక్కాకు అంటుకున్నట్టే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా పదో తరగతి లెక్కలు ఆయనవే. పేరుకి లెక్కల మాస్టారే గానీ ఎవరినీ లెక్కచేసే రకం కాదు. దారం, వృత్తలేఖిని ఏవీ లేకుండా, భుజం నుంచి చెయ్యి ఒక్కసారి తిప్పి నిండు వృత్తం గీస్తారు. వృత్తిలో ఆయనకు పేరు తెచ్చింది ఆ వృత్తమే. నల్లబల్ల ముందు ఎన్నడూ తెల్లబోని ఆ మనిషి, ఏడు నెలల కిందట తెల్లతెర ముందు నల్లబడిపోయారు.

ఏడు నెలల కిందట ప్రతి గదికీ ఓ తెలివైన బోర్డు వచ్చింది. తలుపంత వెడల్పు, అద్దంలాంటి ముఖం, పైఅంచున పెసరగింజంత నల్ల కన్ను, కన్ను పక్కన ఎర్రదీపం. దానిమీద రెండే రెండు గంటల శిక్షణ ఇచ్చారు. "శిక్షణలో 'ణ' మింగేస్తే మిగిలేది శిక్షే," అని ఆ రోజు పొద్దున జోకేసింది మాస్టారే. సాయంత్రానికి ఆ జోకు ఆయన మీదే పడింది.

బోర్డు దగ్గరికి మొదట పిలిచింది ఆయన్నే. మాస్టారు వేలితో వృత్తం గీశారు. బోర్డు ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని దిద్ది చతురస్రం చేసింది. మళ్ళీ గీశారు. మళ్ళీ చతురస్రమే. మూడోసారి బోర్డు పెద్ద గొంతుతో "మళ్ళీ ప్రయత్నించండి" అంది. నలభై మంది టీచర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. డ్రిల్లు మాస్టారు పొట్ట పట్టుకోలేదు, ఫోను పట్టుకున్నారు. ఆ వీడియో ఆ రాత్రికే అందరి ఫోన్లలోకీ చేరింది. ఆనాటి నుంచి డ్రిల్లు మాస్టారి పలకరింపు ఒకటే: "ఏం మాస్టారూ, ఇవాళ మీ వృత్తానికి ఎన్ని మూలలు?"

నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ రోజు నుంచి మాస్టారికి కెమెరా కన్ను కనిపిస్తే చాలు, అరచేతులు తడిసిపోతాయి. ఎప్పుడైనా పిల్లల ముందు మళ్ళీ అదే జరిగితే? ఆ కన్ను దాన్ని పట్టి ఎక్కడెక్కడికి పంపుతుందో ఎవరికి తెలుసు?

ఈలోగా బడి హెడ్మిస్ట్రెస్ అయిన పెద్ద మేడమ్ నోటీసు పెట్టారు. బోర్డు రోజుకు నాలుగు గంటలు వాడాలి. గంటలు తక్కువైనవారికి ఉన్న తరగతి తీసేసి స్టోరు రూము అప్పగిస్తారు. ఆవిడ స్టాఫు రూములోకి వచ్చినప్పుడల్లా "మీవి ఎన్ని గంటలు, మీవి ఎన్ని గంటలు?" అనడం, మాస్టారు ఆవిడకు 'గంట మేడమ్' అని పేరు పెట్టడం ఒకే వారంలో జరిగాయి.

స్టోరు రూము అంటే విరిగిన కుర్చీలు, బూజు, ఓ తాళం. పాఠం చెప్పడానికి అక్కడ కుర్చీలు తప్ప ఎవరూ ఉండరు. పదో తరగతి పోతే తనలో మిగిలేది ఏమిటో మాస్టారికి ఊహకు కూడా అందలేదు.

అందుకే ఒక ఉపాయం పన్నారు. శిక్షణలో ఆయనకు వంటబట్టింది ఒక్క మీట. అది నొక్కితే బోర్డు వెలుగుతుంది, తెల్ల కాగితంలాంటి పేజీ వస్తుంది, గంటలు లెక్కపడతాయి. మాస్టారు తన పాత చుట్టబోర్డు తెచ్చి దానిమీద వేలాడదీసి, రోజూ పొద్దున్నే దాని కింద చెయ్యి పెట్టి ఆ మీట నొక్కేవారు. చుట్టబోర్డు అంటే నల్లరంగు పూసిన పల్చటి గుడ్డ, గొడుగులా చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. వెలుగుతున్న బోర్డు వెనక, నల్లగుడ్డ ముందు. కన్ను కప్పబడిపోయింది. సుద్దముక్కతో సుద్దులు మామూలుగా సాగిపోయాయి. సాయంత్రం అటెండరు వచ్చి, గుడ్డ కదపకుండానే బోర్డు ఆర్పేవాడు.

ఒక్కటే బాధ. గుడ్డమీద సుద్ద ఒత్తినప్పుడల్లా లోపల్నుంచి సన్నగా 'టిక్' మనేది. రాస్తే టిక్. గీస్తే టిక్, టిక్. లోపల ఎవరో కూర్చుని తన తప్పులు లెక్కపెడుతున్నట్టు. లెక్కలు చెప్పే మనిషి లెక్కలోకి రావడం అంటే ఏమిటో మాస్టారికి ఏడు నెలలుగా ఆ చప్పుడే చెబుతోంది.

ఇప్పుడు ఆ లెక్క తేలే రోజు వచ్చింది.

సాయంత్రం ఇంట్లో మిషను మీద జాకెట్టు కుడుతున్న భార్య, భర్త ముఖం చూసి కాలు ఆపింది.

"ఏమైందండీ, అలా పాలిపోయారు?"

చెప్పారు. చుట్టబోర్డుకు పైన నాడాలు కుట్టి ఇచ్చింది ఆవిడే కాబట్టి సంగతి సగం తెలుసు.

"కుట్టింది నేనే గానీ, కుట్ర మాత్రం మీది," అందావిడ. "నన్ను ఇరికించకండి."

"నవ్వులాటగా ఉందా నీకు? దానికి చెవులు కూడా ఉన్నాయేమో. 'గంట మేడమ్ వస్తోంది, నిశ్శబ్దం' అని పిల్లలతో రోజూ అంటాను. అది కూడా వినేసి ఉంటే?"

ఆవిడ నవ్వు ఆపేసింది. సూది కింది గుడ్డ తీసి పక్కన పెట్టి, "ఎలాగూ బయటపడింది కదా. వాళ్ళు విప్పేలోపల మీరే విప్పండి. ఒకరు చెబితే తప్పు, మనం చెబితే ఒప్పుకోలు," అంది.

"ఒప్పుకుంటే పదో తరగతి ఉంటుందా?"

ఆవిడ జాకెట్టు గుడ్డని మళ్ళీ సూది కిందికి తోసింది. మిషను మళ్ళీ నడిచింది. టిక్, టిక్, టిక్. మాస్టారు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు అందరికంటే ముందు బడికి చేరారు. అలవాటుగా మీట నొక్కాక, గుడ్డ తీసి ఎక్కడైనా దాచేద్దామని ఒక పక్క కొస ఎత్తారు. ఎర్రదీపం కస్సుమని చూసినట్టయింది. కొస వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు.

మధ్యాహ్నం స్టాఫు రూములో సైన్సు టీచరమ్మ తన కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయిన పిల్ల.

"మీకు భయంగా లేదా మాస్టారూ? అందరి ముందంటే నాకైతే కాళ్ళాడేవి కావు."

"నీ దాకా వచ్చిందా అప్పుడే?" అన్నారు మాస్టారు నీరసంగా.

"అందరికీ తెలుసండీ. నోటీసు బోర్డులో పెట్టారుగా."

నోటీసు బోర్డులో కూడా. వెళ్ళి చదివే ధైర్యం లేదు. అటుగా వచ్చిన డ్రిల్లు మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ మా అందరికీ మంచి పాఠమే మాస్టారూ," అని వెళ్ళిపోయారు. వాళ్ళు ఇంత హాయిగా ఎలా మాట్లాడుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. పరుల మెమో అందరికీ కాలక్షేపమే కాబోలు అనుకున్నారు.

రెండయింది. పిల్లల బెంచీల్లో టీచర్లు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. వెనక బెంచీలో పై ఆఫీసు మేడమ్, ఒళ్ళో కాగితాల కట్ట. పెద్ద మేడమ్ లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈ రోజు మనం ఇక్కడ ఎందుకు కూడామో మాస్టారికి తెలుసు..."

"తెలుసండీ," అన్నారు మాస్టారు. "మీరు చదవకండి. నేనే చెబుతాను."

పెద్ద మేడమ్ ఆశ్చర్యంగా కూర్చున్నారు.

"ఏడు నెలల్లో ఈ బోర్డుని నేను వాడలేదు. ఒక్క రోజు కూడా. మీట నొక్కి, దానిమీద ఈ గుడ్డ కప్పి, సుద్దతో చెప్పాను. గంటలన్నీ దొంగ గంటలు. ఆ రోజు నలభై మంది నవ్వాక, పిల్లల ముందు మళ్ళీ అలా అవుతుందేమోనని, ఆ కన్ను అంతా పట్టేస్తుందని భయపడ్డాను. ఇంకొకటి. గంట మేడమ్ అని పేరు పెట్టింది కూడా నేనే. అది ఎలాగూ విని ఉంటుంది. ఏ శిక్షయినా వెయ్యండి గానీ, స్టోరు రూము మాత్రం వద్దు. నాకు పదో తరగతి ఒక్కటే వచ్చు."

మాస్టారు బోర్డు వైపు చూడకుండానే చెయ్యి వెనక్కి చాచి నాడాలు విప్పారు. గుడ్డ జారి కింద పడింది.

ముందు బెంచీలో సైన్సు టీచరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. మాస్టారు వెనక్కి తిరగలేదు. ఎర్రదీపం వీపుకి తగులుతున్నట్టే ఉంది.

"వెనక్కి చూడండి మాస్టారూ," అన్నారు పై ఆఫీసు మేడమ్.

చూశారు. వెలుగుతున్న తెరమీద, పొద్దున గుడ్డమీద సుద్దతో చెప్పిన పాఠం ఉంది. ఆయన అక్షరాలే, ఆయన వాలు, ఆయన సున్నాలే. స్పర్శరేఖ, వ్యాసార్థం, వాటి మధ్య లంబకోణం. నడుమ ఓ నిండు వృత్తం, మూల అన్నది లేకుండా.

పై ఆఫీసు మేడమ్ లేచి వచ్చి తెరమీద ఏదో తాకారు. పేజీలు వరసగా విచ్చుకున్నాయి. నిన్నటిది, మొన్నటిది, పోయిన నెలది. ఒకదాన్ని తాకితే అందులోని గీతలు ఒకదాని వెనక ఒకటి మళ్ళీ పడుతూ వచ్చాయి.

"గుడ్డ పల్చన. మీరు ఒత్తి రాస్తారు. దీనికి వేలయినా సుద్దయినా ఒకటే, ఒత్తిడి తగిలితే గీస్తుంది. డస్టరంత వెడల్పు తగిలితే చెరిపేస్తుంది. ఆర్పేటప్పుడు తనే దాచుకుంటుంది. ఈ చుట్టుపక్కల అన్ని బళ్ళలోకీ ఎక్కువ టచ్‌లు ఉన్న బోర్డు మీదే. అంత బాగా వాడే మనిషెవరో చూద్దామని వచ్చాను."

టచ్‌లో లేరని అందరూ అనే మాస్టారు, టచ్‌లలో మొదటివారు. అయినా ఆయనకు సంతోషం రాలేదు. ఏడు నెలలు తనకు తెలియకుండా తన చెయ్యి అందులో ఉందన్న సంగతికి వెన్ను జలదరించింది.

"మరి కన్ను?" అన్నారు. "మాటలు?"

"మాటలు వినదండీ. కన్నుకి మూత ఉంది. పక్కకి జరపండి."

మాస్టారు వేలు పెట్టి జరిపారు. గోరంత మూత. పెసరగింజ మాయమైంది. దానికోసం ఏడు నెలలు తలుపంత గుడ్డ కప్పారు.

"మరి ఆ చతురస్రం?"

"బొమ్మలు దిద్దే మీట ఒకటుంది. ఆ రోజు ఎవరో నొక్కి ఉంచి ఉంటారు. మీకెవరూ చెప్పలేదా?"

సైన్సు టీచరమ్మ లేచి నిలబడింది. "నాకూ ఎవరూ చెప్పలేదండీ. గంటలు నిండాలని రోజూ ఒకే కప్ప వీడియో పెట్టి వదిలేస్తున్నాను. ఆ వీడియోలో కప్పకి కూడా నా ముఖం గుర్తుండిపోయి ఉంటుంది."

డ్రిల్లు మాస్టారు కూర్చునే చెప్పారు, తల ఎత్తకుండా. "మా ఆటల గది బోర్డు గడియారం చూపిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదొక్కటే. వీడియో తీసినందుకు, మాస్టారూ... నా వంతు రాకుండా నవ్వు మీమీదే ఉంచాలనుకున్నాను."

పై ఆఫీసు మేడమ్ పెద్ద మేడమ్ వైపు చూశారు. "గంటలు లెక్కపెట్టమని మేం అనలేదే. ఎవరికి రాదో చూసి నేర్పమన్నాం."

పెద్ద మేడమ్ చీర కొంగు వేళ్ళకి చుట్టుకున్నారు. "నేర్పడానికి నాకు వస్తే గదండీ," అన్నారు చిన్న గొంతుతో. "లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు నాకు. ఆ మాట బయటపడుతుందని..." తర్వాత మాస్టారి వైపు తిరిగారు. "పదో తరగతి మీదే. ఆ నోటీసు ఇవాళే తీసేస్తాను. గంట మేడమ్ అన్నది మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. వినని బోర్డు ముందు నిలబడి, వినేవాళ్ళందరికీ తనే చెప్పుకున్నారు.

"సరే, మొదలుపెడదామా?" అన్నారు పై ఆఫీసు మేడమ్.

"ఏది?"

"డెమో. మీరు పాఠం చెబుతారు, మేం చూస్తాం. అందుకేగా వచ్చింది?"

మాస్టారు మెల్లగా, "మెమో కాదా?" అన్నారు.

గుమ్మంలో ఉన్న అటెండరు బిక్కచచ్చిపోయాడు. "నేను డెమో అనే చెప్పానండీ. విజిలు మోగింది గానీ, డెమో అనే చెప్పాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. డ్రిల్లు మాస్టారు మెడలో వేలాడే తన విజిలును చూసుకుని, దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఈసారి ఎవరూ ఫోను తియ్యలేదు.

"డెమో అని వినిపించి ఉంటే సెలవు చీటీ పెట్టి ఇంట్లో పడుకునేవాణ్ణండీ," అన్నారు మాస్టారు, అందరూ వినేట్టు. "మెమో కాబట్టి తప్పక వచ్చాను."

ఆయన వట్టి వేలు చాచి, భుజం నుంచి చెయ్యి ఒక్కసారి తిప్పారు. బోర్డు ఒక్క క్షణం ఆలోచించింది. మాస్టారు ఊపిరి బిగబట్టి మూలల కోసం చూశారు.