గుమ్మం తుడిచే గుడ్డ

టైటస్ పసుపుపచ్చ గుడ్డ మీద క్రిములు చంపే మందు చల్లుకుని బడి గుమ్మం ముందు నిలబడ్డాడు. ద్వారబంధానికి ఏటవాలుగా బిగించిన చిన్న తగరపు గొట్టాన్ని మెజూజా అంటారు. లోపల చుట్టిపెట్టిన తోలు మీద దేవుడి మాటలుంటాయి. ఇది యూదుల బడి. వచ్చినవాళ్ళంతా దాన్ని ముట్టుకుని వేళ్ళు ముద్దుపెట్టుకుంటారు. కరోనా వచ్చాక ముట్టుకోవద్దని హెడ్మిస్ట్రెస్ చెప్పింది గానీ, ఏళ్ళ అలవాటు ఆగుతుందా? అందుకే దాన్ని మాటిమాటికీ తుడవడం టైటస్ పని.

పొట్టి మనిషి. బ్లీచింగ్ నీళ్ళకు పగిలిన చేతులు. బాపట్లలో చిన్నప్పటి నుంచీ చర్చి ఊడ్చినవాడు, దేవుడి మాట ఎక్కడున్నా ఊరుకోలేడు. గొట్టానికి వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకున్నాడు.

"తుడవకముందే కళ్ళకు పెట్టుకుంటావేంది అన్నా?" బడి వంటగది కిటికీలోంచి వంటమనిషి ఇందుమతి కసిరింది.

"చెయ్యి దానంతటదే పోతుందమ్మా."

ఒకప్పుడు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ఈ వీధి నిండా యూదులే. ఇక్కడే చదువుకున్న ముసలాయన లెవీన్ గారు రోజూ వచ్చి ఆ కబుర్లు చెప్పేవారు. ఆయన రొట్టెలు కొన్న చోట ఇప్పుడు బ్రెజిల్ వాళ్ళ సెలూన్. మాంసం కొట్టు మనవాళ్ళ సరుకుల దుకాణమైంది. పిల్లల్లో సగంమంది వేరే మతాలవాళ్ళు, టైటస్ కూతురు ఫెబితో సహా. ఎవరికైనా కరోనా సోకి ఈసారి బడి మూతపడితే మళ్ళీ తెరుస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ దిగులు టైటస్‌ను తినేస్తోంది.

హెడ్మిస్ట్రెస్ వచ్చి దూరంగా ఆగింది. లెవీన్ గారిని కరోనాతో ఆసుపత్రిలో చేర్చారట, ఊపిరి అందడం లేదట.

మొన్న సోమవారం ఆయన చేతిలోకి దగ్గి, అదే చేత్తో గొట్టాన్ని ముట్టుకున్నారు. ఆ వెనకే టైటస్ కళ్ళకద్దుకున్నాడు. పొద్దున బస్సులో పుట్టిన వణుకు చలికి కాదని ఇప్పుడు అర్థమైంది.

ఇంటికి ఫోన్ చేశాడు. "ఇవాళ బడికి రావద్దమ్మా."

"గ్రాండ్, డాడీ," అంది ఫెబి, సరేననడానికి ఇక్కడి పిల్లలు వాడే మాటతో, సంతోషంగా.

గొట్టాన్ని ఇంకోసారి గట్టిగా తుడిచి, గుడ్డ పిండి మేకుకు ఆరేశాడు. వెళ్ళబోతుంటే చెయ్యి పైకి లేచింది. ఆ చేతిని జేబులో దోపుకుని, లోపల అడుగుపెట్టకుండానే గేటు దాటాడు.

మూడోవారంలో టైటస్ ఆసుపత్రిలో పోయాడు. బడిలో ఇంకెవరికీ రాలేదు. బడి మూతపడలేదు.

లెవీన్ గారు కోలుకుని కర్రతో వచ్చారు. టైటస్ ఏడని అడిగారు. ఇందుమతి గుమ్మం వైపు చూపించింది. గుమ్మం పక్కన మేకుకు ఆ పసుపుపచ్చ గుడ్డ, అతను పిండిన మెలికలతోనే ఎండి, బిరుసెక్కి వేలాడుతోంది.